డబ్బా గొప్పదే, జోడీ కుదిరిందా?

పాటల పిచ్చి ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఎవరైనా ఉంటే, ఈ మధ్య వాళ్ల బల్ల మీద నల్లటి లోహపు డబ్బా ఒకటి కనిపిస్తోంది. లంచ్ బాక్స్ అంత ఉంటుంది. ధర వింటే మాత్రం అమ్మ రెండోసారి అడుగుతుంది. వెనకవైపు కంప్యూటర్ నుంచి వచ్చే యూఎస్‌బీ వైరు, ముందువైపు గుండ్రటి పెద్ద నాబ్, దాని పక్కన హెడ్‌ఫోన్ గుచ్చే రంధ్రం. దీన్ని డెస్క్‌టాప్ డాక్-యాంప్ అంటారు. కంప్యూటర్‌లో అంకెలుగా ఉన్న పాటను విద్యుత్ తరంగంగా మార్చే భాగం డాక్. ఆ తరంగానికి హెడ్‌ఫోన్‌ను కదిలించేంత బలం ఇచ్చే భాగం యాంప్లిఫయర్.

ఇంత ఖర్చు పెట్టి తెచ్చాక, ఉన్న హెడ్‌ఫోన్ గుచ్చి వింటే తేడా ఏమీ తెలియలేదని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంకొందరు ముందుకంటే అధ్వానంగా ఉందంటారు: పాట వెనకాల సన్నగా 'స్స్' అని ఒకటే చప్పుడు, నాబ్ కాస్త తిప్పితే చెవులు చిల్లులు. డబ్బా చెడ్డది కాదు, హెడ్‌ఫోన్ చెడ్డది కాదు. రెండింటికీ జోడీ కుదరలేదు, అంతే. కుదురుతుందో లేదో తెలుసుకోవడానికి జాతకాలు చూడనక్కరలేదు. డబ్బాల మీద రాసి ఉండే మూడు నాలుగు అంకెలు, పదో తరగతి సైన్సులోని విద్యుత్ పాఠం చాలు. ఆ లెక్క వేయడం రాకపోతే పోయేది డబ్బు ఒక్కటే కాదు, చెవులు కూడా. అందుకే మేము ఈ విషయం ఎంచుకున్నాం.

బదిలీ ఉద్యోగుల ఇళ్లలో ఈ డబ్బాలు ఎందుకు పెరుగుతున్నాయో ఊహించడం కష్టం కాదు. పెద్ద స్పీకర్లు మూడేళ్లకోసారి లారీ ఎక్కి దిగితే బతకవు. క్వార్టర్స్ గోడలు పలచన. రాత్రి తొమ్మిది దాటాక పాట పెడితే పక్కింటి అంకుల్ తలుపు కొడతారు. హెడ్‌ఫోన్, ఈ డబ్బా కలిపి ఒక అట్టపెట్టెలో పట్టేస్తాయి.

హెడ్‌ఫోన్‌కు జోడీ కుదర్చడం మన కోల్‌కతాకు కొత్త విద్య కాదు. 1927 ఆగస్టు 26న ఇక్కడ రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. స్టేషన్ 1, గార్స్టిన్ ప్లేస్‌లో ఉండేది. ట్రాన్స్‌మిటర్ శక్తి 1.5 కిలోవాట్లు. అప్పట్లో అందరికీ అందుబాటులో ఉన్న రేడియో క్రిస్టల్ సెట్టు. దానికి బ్యాటరీ లేదు, కరెంటు లేదు. ఏరియల్ తీగ పట్టుకున్న కాస్త శక్తితోనే హెడ్‌ఫోన్ పలకాలి. క్రిస్టల్ అంటే గలీనా అనే సీసపు ఖనిజం. దాన్ని వాడి తరంగాలను పట్టే పరికరానికి ఈ నగరంలోనే, ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పిన జగదీశ్ చంద్ర బోస్ 1901లో దరఖాస్తు చేసి 1904లో అమెరికా పేటెంట్ పొందారు. సెమీకండక్టర్ పరికరాలకు వచ్చిన తొలి పేటెంట్లలో అదొకటి.

ఆ సెట్లకు వాడిన హెడ్‌ఫోన్ల నిరోధం 2000 ఓమ్‌లు, అంతకంటే ఎక్కువ కూడా. ఇప్పుడు మన చేతుల్లో ఉండేవి 16, 32 ఓమ్‌లవి. ఈనాటి 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌ను ఆనాటి క్రిస్టల్ సెట్టుకు నేరుగా తగిలిస్తే దాదాపు ఏమీ వినబడదు. సెట్టు లోపలి నిరోధం చాలా ఎక్కువ కాబట్టి వోల్టేజ్ అంతా అక్కడే ఖర్చయిపోతుంది. అప్పట్లో జోడీ కుదరడమంటే సెట్టు నిరోధం, హెడ్‌ఫోన్ నిరోధం దగ్గర దగ్గరగా ఉండడం. ఉన్న కొద్దిపాటి శక్తిలో ఎక్కువ భాగం హెడ్‌ఫోన్‌కు చేరాలంటే అదొక్కటే దారి. ఇప్పుడు శక్తికి కొదవ లేదు కాబట్టి సూత్రం తారుమారైంది. ఆ సంగతి తర్వాత చెబుతాం.

ముందు ఓమ్‌ల సంగతి. హెడ్‌ఫోన్ లోపల ఒక అయస్కాంతం, దాని మధ్యలో సన్నటి తీగ చుట్ట, ఆ చుట్టకు అంటుకుని పలచటి పొర ఉంటాయి. తీగలో కరెంటు అటూ ఇటూ మారుతుంటే పొర ముందుకూ వెనక్కూ కదిలి గాలిని నెడుతుంది. తీగ ఎంత సన్నగా, ఎన్ని చుట్లుగా ఉంటే నిరోధం అంత ఎక్కువ. జర్మనీ కంపెనీ బేయర్‌డైనమిక్ తన డీటీ 880 అనే ఒకే మోడల్‌ను 32, 250, 600 ఓమ్‌లలో అమ్మింది. సెన్‌హైజర్ కంపెనీ హెచ్‌డీ 600 అయితే 1997 నుంచీ 300 ఓమ్‌లదే. ఓమ్‌లు ఎక్కువైతే గొప్ప హెడ్‌ఫోన్ అని కాదు, అది వేరే రకం తిండి తింటుంది, అంతే.

ఏ తిండి? ఉత్తర కోల్‌కతాలో టల్లా ట్యాంకు చూసే ఉంటారు. 1911 నుంచి ఎత్తు మీద నిలబడి నగరానికి నీళ్లిస్తోంది. ట్యాంకు ఎత్తును వోల్టేజ్ అనుకోండి, గొట్టంలో పారే నీటిని కరెంట్ అనుకోండి, గొట్టం సన్నదనాన్ని ఓమ్‌లు అనుకోండి. సన్న గొట్టంలోంచి సరిపడా నీళ్లు రావాలంటే ట్యాంకు ఎత్తుగా ఉండాలి. లావు గొట్టానికి ఆ ఎత్తు అక్కరలేదు కానీ ట్యాంకులో సరిపడా నీళ్లుండాలి. ఎక్కువ ఓమ్‌ల హెడ్‌ఫోన్ వోల్టేజ్ అడుగుతుంది, తక్కువ ఓమ్‌లది కరెంట్ అడుగుతుంది.

ఓమ్‌లు ఒక్కటే చూస్తే మాత్రం సగమే తెలిసినట్టు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. దుకాణాల్లో కూడా 'ఇది 300 ఓమ్‌లు సార్, యాంప్ కావాలి' అనే మాటతో సరిపెడతారు. రెండో అంకె ఓమ్‌లకంటే ముఖ్యమైనది, దాని పేరు సెన్సిటివిటీ. ఒక మిల్లీవాట్ శక్తి ఇస్తే ఎన్ని డెసిబెల్స్ శబ్దం చేస్తుందో అది చెబుతుంది. వాట్‌లో వెయ్యో వంతు మిల్లీవాట్. కొన్ని కంపెనీలు మిల్లీవాట్‌కు బదులు ఒక వోల్ట్‌కు ఎన్ని డెసిబెల్స్ అని రాస్తాయి. రెండూ ఒకటి కావు, పోల్చేముందు ఏది రాశారో చూసుకోవాలి.

డెసిబెల్ లెక్కకు లాగరిథమ్ రానివాళ్లు కంగారు పడొద్దు. రెండు ముక్కలు గుర్తుంటే చాలు. శక్తి 10 రెట్లయితే 10 డెసిబెల్స్ పెరుగుతాయి. శక్తి రెండు రెట్లయితే 3 పెరుగుతాయి. 20 డెసిబెల్స్ కావాలంటే 10 రెట్లకు మళ్లీ 10 రెట్లు, అంటే 100 రెట్లు శక్తి కావాలి.

ఇప్పుడు మూడు రకాల శ్రోతలను కూర్చోబెట్టి లెక్క వేద్దాం. పాటలో సగటు శబ్దం తక్కువగానే ఉంటుంది కానీ మృదంగం దెబ్బో, తాళాల చప్పుడో వచ్చిన ఆ ఒక్క క్షణంలో 20 డెసిబెల్స్‌కు పైగా ఎగరగలదు. ఆ క్షణాలకు సరిపడా 107 డెసిబెల్స్ లక్ష్యంగా పెట్టుకుందాం. 107 ఎందుకంటే లెక్క తేలిగ్గా వస్తుంది, ఇంకేం లేదు.

మొదటి హెడ్‌ఫోన్ 300 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 97 డెసిబెల్స్ అనుకుందాం. 97 నుంచి 107కు 10 డెసిబెల్స్, అంటే 10 మిల్లీవాట్లు కావాలి. వోల్టేజ్‌ను అదే వోల్టేజ్‌తో గుణించి ఓమ్‌లతో భాగిస్తే వాట్లు వస్తాయని పాఠంలో చదివాం. దాన్ని తిరగేస్తే, 0.01 వాట్‌ను 300తో గుణించగా వచ్చిన 3కు వర్గమూలం 1.73. అంటే 1.73 వోల్ట్‌లు కావాలి. కరెంట్ 6 మిల్లీఆంపియర్లు కూడా లేదు.

రెండోది ప్లానార్ రకం. తీగ చుట్టకు బదులు పలచటి పొర మీదే లోహపు గీతలు పరిచి ఉంటాయి. వీటిలో కొన్ని మహా బద్ధకస్తులు. 60 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 83 డెసిబెల్స్ అనుకుందాం. 83 నుంచి 107కు 24 డెసిబెల్స్, అంటే దాదాపు 250 రెట్లు, 250 మిల్లీవాట్లు. వోల్టేజ్ 3.9 దగ్గర తేలుతుంది, కరెంట్ 65 మిల్లీఆంపియర్లు. ఓమ్‌లు మొదటిదానిలో అయిదో వంతే అయినా శక్తి 25 రెట్లు అడుగుతోంది. 'ఓమ్‌లు తక్కువైతే సులువు' అనే మాట ఎంత నమ్మదగినదో ఇక్కడే తెలుస్తోంది.

మూడోది చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్. 16 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 110 డెసిబెల్స్. దీనికి 107 కావాలంటే అర మిల్లీవాట్ ఎక్కువే. వోల్టేజ్ 0.09. అంటే ఒక వోల్ట్‌లో పదో వంతు కూడా కాదు.

ఫోన్‌కు తగిలించే చిన్న డాంగిల్ ఒకటి వస్తుంది, వందల రూపాయల్లో. అలాంటివి చాలావరకు గరిష్ఠంగా ఒక వోల్ట్ దాకా ఇస్తాయి. మొదటి హెడ్‌ఫోన్‌కు ఒక వోల్ట్ ఇస్తే 102 డెసిబెల్స్ వస్తుంది. అయిదు తగ్గింది. సినిమా పాటలకు అది చాలు, నెమ్మదిగా రికార్డు చేసిన శాస్త్రీయ సంగీతానికి ఒక్కోసారి చాలదు. రెండోదానికి అదే వోల్ట్ ఇస్తే 95 దగ్గర ఆగిపోతుంది, పాట నీరసంగా ఉంటుంది. మూడోదానికి ఒక వోల్ట్ ఇస్తే? 62 మిల్లీవాట్లు, 128 డెసిబెల్స్. పెద్ద డబ్బా అక్కరలేదు, డాంగిల్‌తోనే చెవి పోగొట్టుకోవచ్చు.

ఈ ముగ్గురిలో ఖరీదైన డెస్క్‌టాప్ డబ్బా నిజంగా కావాల్సింది రెండోవాడికి. మొదటివాడికి ఉంటే మంచిది. మూడోవాడికి అనవసరం, పైగా ప్రమాదం. ఇది మా అభిప్రాయం కాదు, అంకెలు చెప్పినదే.

ఇప్పుడు పెద్ద డబ్బా దగ్గరకు రండి. జర్మనీలో ఆర్‌ఎంఈ అనే కంపెనీ చేసే ఏడీఐ-2 డాక్ ఈ రకంలో పేరున్నది. దాని పెద్ద హెడ్‌ఫోన్ రంధ్రం దాదాపు 10 వోల్ట్‌లు, 1.5 వాట్ల దాకా ఇవ్వగలదు. బద్ధకపు ప్లానార్‌కు కూడా దానిలో మిగులు ఉంటుంది. ఆ డబ్బా చేసినవాళ్లకు మన మూడో శ్రోత సంగతి తెలుసు. అందుకే ఇయర్‌ఫోన్లకు విడిగా చిన్న రంధ్రం పెట్టారు. అందులోంచి శక్తి తక్కువ, చప్పుడు లేని నిశ్శబ్దం ఎక్కువ. చాలా డబ్బాల్లో ఇలాంటి రెండో రంధ్రం ఉండదు, 'గెయిన్' అని ఒక స్విచ్ ఉంటుంది. ఎక్కువ, తక్కువ అని దానికి రెండు స్థానాలు. ఇయర్‌ఫోన్ పెట్టినప్పుడు తక్కువలో ఉండాలి.

ఒక ఇంట్లో జరగడానికి పూర్తిగా అవకాశమున్న సంగతి చెబుతాం. నాన్నగారు 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌తో పాత పాటలు విని, నాబ్ అలాగే ఉంచి ఆఫీసుకు వెళ్లారు. నాబ్ 1.73 వోల్ట్‌ల దగ్గర ఉంది. సాయంత్రం తమ్ముడు వచ్చి హెడ్‌ఫోన్ పీకి తన ఇయర్‌ఫోన్ గుచ్చాడు. నాబ్ ముట్టుకోలేదు. ఇప్పుడు లెక్క వేయండి. 1.73ను 1.73తో గుణిస్తే 3, దాన్ని 16తో భాగిస్తే 0.187 వాట్, అంటే 187 మిల్లీవాట్లు. డెసిబెల్స్‌లో 110 మీద ఇంకో 22 పైచిలుకు. నాన్నగారికి 107గా వినిపించిన దెబ్బ తమ్ముడికి 132, 133 దగ్గర తగులుతుంది. దగ్గర్లో జెట్ విమానం లేస్తున్నప్పటి శబ్దం అది. ఇయర్‌ఫోన్ ముందు చెడిపోతే అదృష్టం.

అందుకే గుచ్చేముందు నాబ్ పూర్తిగా తగ్గించాలి. ముందు గుచ్చాలి, తర్వాత చెవికి పెట్టుకోవాలి, ఆ తర్వాతే నెమ్మదిగా పెంచాలి. ఇంట్లో చిన్నవాళ్లుంటే ఈ వరుసను చీటీ మీద రాసి డబ్బాకు అంటించినా తప్పులేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఫోన్‌లో వాల్యూమ్ పెంచితే 'ఇంతకుమించి పెంచితే చెవులకు హాని' అని ఒక హెచ్చరిక వస్తుంది కదా. డెస్క్‌టాప్ డబ్బాకు అది వర్తించదు. ఫోన్ తన పని తాను చేసి అంకెలు పంపిస్తుంది. ఆ తర్వాత నాబ్ ఎంత తిప్పారో, ఏ హెడ్‌ఫోన్ గుచ్చారో దానికి తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికం సంఘం కలిసి 2019లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం పెద్దలకు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ హద్దు. పిల్లలకు అదే 40 గంటలకు 75. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగితే సమయం సగమవుతుంది. 78 అయితే 20 గంటలు, 81 అయితే 10. ఇలా లెక్క వేసుకుంటూ పోతే 95 దగ్గర మనకు మిగిలేది వారమంతా కలిపి అరగంట కూడా కాదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమకణాలు ఒక్కో చెవిలో సుమారు 15 వేలు ఉంటాయి. ఒకసారి పోతే అవి మళ్లీ మొలవవు. విన్న తర్వాత చెవిలో గుయ్‌మని మోగుతుంటే ఆ రోజుకు చాలించాలి. మర్నాడు కూడా తగ్గకపోతే ఇంట్లో చెప్పి డాక్టర్‌కు చూపించుకోవాలి.

ఇక 'స్స్' అనే చప్పుడు. ప్రతి యాంప్లిఫయర్ పాట లేనప్పుడు కూడా కాస్త సొంత చప్పుడు చేస్తుంది. అది 10 మైక్రోవోల్ట్‌లు అనుకుందాం. ఒక వోల్ట్‌లో లక్షో వంతు. మన 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌లో అది 2 డెసిబెల్స్, ఎవరికీ వినబడదు. అదే చప్పుడు ఇయర్‌ఫోన్‌లో 28 డెసిబెల్స్ అవుతుంది. రాత్రి ఫ్యాన్ ఆపేసిన గదిలో, చెవి మూసుకుని, పాటకూ పాటకూ మధ్య విరామంలో వింటే తెలిసిపోతుంది. ఒకే డబ్బా గురించి ఒకరు 'శ్మశాన నిశ్శబ్దం' అని, ఇంకొకరు 'ఒకటే గోల' అని అంటారు. ఇద్దరూ అబద్ధమాడడం లేదు, చెవికి పెట్టుకున్నవి వేరు. నాబ్ బాగా కింద ఉన్నప్పుడు కొన్ని డబ్బాల్లో ఎడమ చెవికి ఎక్కువ, కుడి చెవికి తక్కువ వినబడడం కూడా ఇయర్‌ఫోన్ వాళ్లకు వచ్చే బాధే. చవక నాబ్‌లు అడుగున రెండు వైపులా సమంగా పనిచేయవు. 300 ఓమ్‌లవాళ్లు నాబ్‌ను అంతకంటే పైన వాడతారు కాబట్టి వాళ్లకది తెలియదు.

పైన సూత్రం తారుమారైందని చెప్పాం కదా, దాని వంతు వచ్చింది. ప్రతి యాంప్‌కు లోపల కాస్త సొంత నిరోధం ఉంటుంది. దాన్ని అవుట్‌పుట్ ఇంపీడెన్స్ అంటారు. యాంప్ లోపలి నిరోధం, హెడ్‌ఫోన్ నిరోధం ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో ఉన్నట్టే, కాబట్టి వోల్టేజ్‌ను రెండూ పంచుకుంటాయి. పంచుకుంటే వాల్యూమ్ కాస్త తగ్గుతుంది, నాబ్ తిప్పుకుంటాం, నష్టమేమిటి? నష్టమంతా ఒక చిక్కులో ఉంది. హెడ్‌ఫోన్ మీద 16 అని, 32 అని ఒక్క అంకె రాసినా, నిజానికి బరువైన స్వరానికి ఒక నిరోధం, సన్నటి స్వరానికి ఇంకో నిరోధం ఉంటుంది. కొన్ని ఇయర్‌ఫోన్లలో రెండు మూడు చిన్న చిన్న డ్రైవర్లు పెడతారు. వాటిలో ఈ తేడా మరీ ఎక్కువ.

ఒక స్వరానికి 10 ఓమ్‌లు, ఇంకో స్వరానికి 40 ఓమ్‌లు ఉన్న ఇయర్‌ఫోన్‌ను 10 ఓమ్‌ల అవుట్‌పుట్ ఉన్న యాంప్‌కు తగిలించామనుకోండి. మొదటి స్వరానికి వోల్టేజ్‌లో సగం దక్కుతుంది. రెండో స్వరానికి అయిదింట నాలుగు వంతులు దక్కుతుంది. తేడా 4 డెసిబెల్స్. పాట రాసినవాళ్లు, పాడినవాళ్లు, రికార్డు చేసినవాళ్లు ఎవరూ పెట్టని తేడా అది. వయొలిన్ ముందుకు వచ్చి గొంతు వెనక్కి పోవచ్చు. అదే యాంప్ లోపలి నిరోధం 1 ఓమ్ అయితే ఈ తేడా ఒక డెసిబెల్ కూడా ఉండదు. అందుకని వాడుకలో ఒక కొలత ఉంది: యాంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతుకు మించకూడదు. 16 ఓమ్‌లకు 2, 32 ఓమ్‌లకు 4. గార్స్టిన్ ప్లేస్ రోజుల్లో రెండూ సమానంగా ఉండాలనుకున్నారు, ఇప్పుడు యాంప్ వైపు ఎంత తక్కువుంటే అంత మంచిది. కొన్ని పాత స్టీరియో యాంప్లిఫయర్లలో హెడ్‌ఫోన్ రంధ్రానికి 100 ఓమ్‌లకు పైగా ఉండేది. తాతగారి యాంప్‌లో కొత్త ఇయర్‌ఫోన్ వింతగా పలికితే కారణం ఇదే కావచ్చు.

ప్లానార్ రకంలో నిరోధం అన్ని స్వరాలకూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. శక్తి ఎక్కువ తిన్నా, ఈ విషయంలో మాత్రం అవి పేచీ పెట్టవు.

డాక్ గురించి ఎక్కువ రాయలేదేమని అడగొచ్చు. రాయడానికి అంత లేదు. 1982లో వచ్చిన సీడీ సెకనుకు 44,100 సార్లు తరంగం ఎత్తును కొలిచి, ఒక్కో కొలతను 65,536 మెట్లలో ఒకదానిగా రాసుకుంటుంది. డాక్ ఆ మెట్లను కలిపి మళ్లీ నున్నటి తరంగం గీస్తుంది. ఈ పని ఇప్పుడు చవక చిప్పులు కూడా బాగా చేస్తున్నాయి. వందల రూపాయల డాంగిల్‌కూ వేల రూపాయల డాక్‌కూ మధ్య చెవికి తెలిసే తేడా, రెండు వేర్వేరు హెడ్‌ఫోన్ల మధ్య ఉండే తేడాతో పోలిస్తే చాలా చిన్నది. డబ్బు పెట్టేవాళ్లు ముందు హెడ్‌ఫోన్ మీద పెట్టాలని, ఆ హెడ్‌ఫోన్ అడిగిన యాంప్‌ను తర్వాత కొనాలని మేము అంటాం. యాంప్ ముందు కొని హెడ్‌ఫోన్ వెతకడం చెప్పులు కొని కాళ్లు వెతుక్కోవడమే.

డాక్ లేనిదాన్ని పుట్టించలేదు కూడా. 1902లో గౌహర్ జాన్ ఈ నగరంలోనే గ్రామఫోన్ కోసం పాడారు. మైక్రోఫోన్ లేదు, కొమ్ము ముందు నిలబడి పాడడమే. తర్వాత దేశమంతా తిరిగిన ఎన్నో రికార్డుల లేబుళ్ల మీద మన డమ్‌డమ్ పేరు ఉండేది. అలాంటి పాత రికార్డును గొప్ప డబ్బాతో వింటే గొంతు కొత్తదైపోదు, గీతల చప్పుడు మరింత స్పష్టంగా వినబడుతుంది. అయినా వినదగినదే, అది వేరే మాట.

డబ్బా ఇంటికి వచ్చాక మూడు చిన్న జాగ్రత్తలు. హెడ్‌ఫోన్‌లో 'గుమ్మ్' అని సన్నటి మోత వస్తుంటే చాలాసార్లు కారణం కరెంటు ఎర్తింగ్. కంప్యూటర్ ఒక సాకెట్‌లో, డబ్బా ఇంకో సాకెట్‌లో ఉంటే రెండు ఎర్త్‌ల మధ్య చిన్న కరెంటు పారి అలా మోగుతుంది. రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి. మోత పోవాలని ప్లగ్గులో మూడో పిన్ను తీసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఆ పని ఎన్నటికీ చేయకూడదు, ఆ పిన్ను ప్రాణం కాపాడటానికి ఉంది. వానాకాలంలో ఇక్కడి తేమకు హెడ్‌ఫోన్ మెత్తల మీది కృత్రిమ తోలు పొట్టు లేస్తుంది. బట్ట మెత్తలు కాస్త ఎక్కువ కాలం వస్తాయి. బదిలీ వచ్చినప్పుడు కంపెనీ అట్టపెట్టె దొరికేలా అటక మీద దాచుకోండి. లోపలి నురుగు అచ్చు ఆ డబ్బా కోసమే కోసినది, పాత చీరల కంటే బాగా కాపాడుతుంది.

చాందినీ చౌక్ మెట్రో స్టేషన్‌లో దిగి దుకాణాల వరుసలోకి వెళ్లే ముందు కాగితం మీద నాలుగు అంకెలు రాసుకుని వెళ్లండి: హెడ్‌ఫోన్ ఓమ్‌లు, మిల్లీవాట్‌కు డెసిబెల్స్, ఆ ఓమ్‌ల దగ్గర యాంప్ ఇచ్చే శక్తి, యాంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్. మూడోదాన్ని గట్టిగా అడగాలి. పెట్టె మీద '1.5 వాట్లు' అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, అది 32 ఓమ్‌ల దగ్గర లెక్క కావచ్చు. 300 ఓమ్‌ల దగ్గర అదే డబ్బా వాట్‌లో మూడో వంతే ఇవ్వొచ్చు. మన మొదటి హెడ్‌ఫోన్‌కు అది కూడా ముప్ఫై రెట్లు ఎక్కువే, కాబట్టి కంగారు అక్కరలేదు. సొంత హెడ్‌ఫోన్ వెంట తీసుకెళ్లి, బాగా తెలిసిన ఒక పాట పెట్టించుకుని వినండి. రెండు డబ్బాలు పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమ్ సమానంగా ఉండేలా చూసుకోండి. కాస్త గట్టిగా మోగేది ఎప్పుడూ మంచిదిగానే అనిపిస్తుంది, అమ్మేవాళ్లకు ఆ సంగతి మనకంటే బాగా తెలుసు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఉన్నవాళ్లకు ఈ డబ్బా దేనికీ పనికిరాదు. దాని డాక్, దాని యాంప్ దాని లోపలే ఉంటాయి, జోడీ కంపెనీయే కుదిర్చేసింది. మెట్రోలో సొరంగం మోతను మించి వినాలని వాల్యూమ్ పెంచే వాళ్లకు, బయటి శబ్దాన్ని రద్దు చేసే రకం హెడ్‌ఫోన్ మేలు, తక్కువ వాల్యూమ్‌కే పాట వినబడుతుంది. ఆ ఆలోచన 1978లో యూరప్ నుంచి బోస్టన్ వెళ్లే విమానంలో అమర్ బోస్ అనే ప్రొఫెసర్‌కు వచ్చింది. కలకత్తాలో స్వాతంత్ర్యోద్యమంలో పనిచేసి, బ్రిటిష్ ప్రభుత్వం వెంటపడితే 1920లో అమెరికా చేరుకున్న నోనీ గోపాల్ బోస్ కొడుకు ఆయన. బోస్ కంపెనీ జగదీశ్ చంద్ర బోస్‌ది అనుకునేవాళ్లు మన తరగతుల్లో ఇప్పటికీ ఉన్నారు. ఇద్దరు బోస్‌లూ వేరు.